ఓడెక్కితే గాని సెలవు లేదా?

మేం ఓడెక్కి వచ్చామన్న కబురు మాకంటే ముందే దమ్మపేట చేరింది. చెన్నైలో రైలెక్కి, ఖమ్మంలో దిగి, సత్తుపల్లిలో బస్సు మారి వచ్చి ఇంటి తాళం తీసీ తియ్యకముందే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, “ఏమమ్మా, సముద్రం మీదే పడుకున్నారటగా! తలకెంతయింది?” అని అడిగారు. అది మొదలు పది రోజులపాటు మా వసారా ఖాళీ లేదు. వచ్చినవాళ్లలో సగంమంది ఖర్చు అడిగారు, మిగతా సగం తిండి అడిగారు. వాంతులయ్యాయా అని అడిగినవాళ్లూ ఉన్నారు. కాలేదంటే పాపం కాస్త నిరుత్సాహపడ్డారు. సముద్రం ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడవీ, పామాయిల్ తోటలూ తప్ప అలలన్నవి ఎరగని ఊరు మాది. మాకు నీళ్లంటే భద్రాచలం గోదావరి. ఓడంటే పాపికొండల లాంచీ. అలాంటి ఊళ్లోంచి విశాఖపట్నం వెళ్లి, పదకొండంతస్తుల ఓడెక్కి, రెండు రాత్రులు సముద్రం మీద గడిపి వచ్చామంటే నలుగురూ నాలుగు మాటలనడం సహజమే. ఆ మాటలకి జవాబు చెబుదామనే ఈ కాగితం ముందేసుకున్నాను. ఓడని తిట్టినవాళ్లకే కాదు, మెచ్చుకున్నవాళ్లకీ చెప్పాల్సింది ఉంది. మెచ్చుకున్నవాళ్లలో మొదటివారు మావారే గనక ఆయన సంగతి చివర్లో చూద్దాం.

మొదట మా మరిది. “లక్ష పైచిలుకు తీసుకెళ్లి సముద్రంలో పోశారన్నమాట, వదినా!” అన్నాడు. నిజమే, మా ఇద్దరికీ, అబ్బాయికీ, కోడలికీ, మనవడికీ కలిపి లక్ష దాటింది. నేను కాదనను. కానీ ఈ మరిదే మొన్న మాఘమాసంలో కూతురి పెళ్లికి వేదిక మీద పూలకే అంతకంటే ఎక్కువ పోశాడు. పొద్దున కట్టిన పూలు మధ్యాహ్నానికి వాడిపోయాయి. ఆ పెళ్లిలో నేను మూడు రోజులు నడుం వాల్చింది లేదు. అది దండగని ఎవరికీ తోచలేదు. మగవాళ్ల ఖర్చుకి పరువని పేరు, ఆడవాళ్లు కాస్త కూర్చునే ఖర్చుకి దుబారా అని పేరు.

తర్వాత శాస్త్రం తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చారు. సముద్రం దాటడం దోషమన్నారు. దాటలేదండీ, ఒడ్డు పక్కనే వెళ్లొచ్చామన్నా వినలేదు. సముద్రయానాన్ని పతన హేతువుల్లో చేర్చిన మాట బౌధాయన ధర్మసూత్రంలో ఉన్నదే. కానీ మన తెలుగువాళ్లు ఓడలెక్కకుండా ఎప్పుడున్నారు? కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఎంతమంది రంగూను వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లకి కోరంగీలనే పేరు పడిపోయింది. 1860లో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి మూడొందల మందికి పైగా కూలీలతో దర్బను చేరింది. అందులో తెలుగువాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు, చంటిపిల్లలున్నారు. చెరుకుతోటల్లో వెన్ను విరిగేలా పనిచెయ్యడానికి ఆడది ఓడెక్కితే ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు, ప్రాయశ్చిత్తం చేయిస్తామని ఎవరూ రేవు దగ్గర కాచుకుని కూర్చోలేదు. ఆడది కుర్చీలో కూర్చుని సముద్రం చూడ్డానికి వెళితేనే దోషమా? పెద్దాయన మజ్జిగ తాగి, ఎండగా ఉందని వెళ్లిపోయారు.

మూడో అభ్యంతరం జూదం. “ఆ ఓడలో పేకాట హాలుంటుందటగా, ఆడవాళ్లూ పిల్లలూ వెళ్లే చోటేనా?” అన్నారు మావారి స్నేహితులొకరు. ఈ గొడవ కొత్తది కాదు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే ఓడ విశాఖ నుంచి మొదటిసారి ఇలాంటి యాత్ర మొదలుపెట్టినప్పుడు, అందులో జూదశాల ఉందన్న వివాదం లేచి పుదుచ్చేరిలో దాన్ని ఆగనివ్వలేదు. అప్పుడు అక్కడ లెఫ్టినెంట్ గవర్నరు బాధ్యతలు చూస్తున్నది అప్పటి మన తెలంగాణ గవర్నరు తమిళిసై గారే. ఆవిడ వద్దన్నందుకు నాకేం బాధ లేదు. జూదాన్ని నేనూ మెచ్చను. కానీ ఈ మాట మావారి స్నేహితుడి నోట వినడమే నవ్వొచ్చింది. సంక్రాంతి మూడు రోజులూ ఆయన ఇంట్లో ఉండరు. అశ్వారావుపేట దాటితే ఆంధ్ర, ఆ పైన కోడిపందేలు. ఎన్ని వేలు పోయాయో ఆయన భార్య నాకు చెప్పింది, నేను మీకు చెప్పను. ఓడలో జూదం ఉన్న హాలు వైపు నేను తొంగి కూడా చూడలేదు. చూసే తీరిక ఉన్నా, మొట్టమొదటిసారి దొరికిన తీరికని అక్కడ పారబోసే ఉద్దేశం లేదు.

ఇక మా అత్తగారి భయం వేరు. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. నీళ్లంటే చాలు చెయ్యి పట్టుకుంటారు. “అమ్మాయ్, కచ్చులూరు మరిచిపోయావా?” అన్నారు. ఎలా మరుస్తాం? 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు వరద గోదావరిలో మునిగి యాభై మంది దాకా పోయారు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి కలిసి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ఒక్కటి మాత్రం చెప్పాను. పెద్ద ఓడలో బయల్దేరే ముందు ప్రయాణికులందరినీ చేర్చి, తేలే జాకెట్టు ఎలా తొడుక్కోవాలో, ప్రమాదమొస్తే ఎక్కడికి చేరాలో చూపించి తీరాలి. 2012 జనవరిలో ఇటలీ ఒడ్డున ‘కోస్టా కంకార్డియా’ అనే విహార నౌక రాయికి కొట్టుకుని 32 మంది పోయాక ఆ నిబంధన మరింత గట్టిపడింది. ఎక్కడో ఇటలీలో పోయిన ప్రాణాలు విశాఖలో ఓడెక్కిన నాకు జాకెట్టు తొడుక్కోవడం నేర్పాయి. గోదావరి మీద లాంచీ ఎక్కే ప్రతి మనిషికీ అంత శ్రద్ధగానూ నేర్పాలి కదా అనిపించింది. మా అత్తగారికి ఈ మాట కొంచెం నచ్చింది. అయినా మేం తిరిగొచ్చేదాకా ముడుపు విప్పలేదనుకోండి.

ఇంతవరకూ తిట్టినవాళ్ల సంగతి. ఇప్పుడు మెచ్చుకున్నవారి దగ్గరికి వస్తాను.

మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వసారాలో కూర్చున్న ప్రతివాళ్లతోనూ ఆయన చెప్పిందొకటే: “మా ఆవిడ కోసమే వెళ్లాం. ముప్ఫయ్యారేళ్లుగా వంటింట్లోనే ఉంది గదా, మూడు రోజులు పూర్తిగా విశ్రాంతి ఇప్పించాను.” విన్నవాళ్లందరూ నా వంక చూసి, “అదృష్టవంతురాలివమ్మా” అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కాఫీ గ్లాసుల పళ్లెం కింద పెట్టేసి ఒక్క మాట అడగాలనిపించేది. ఇప్పించాను అంటున్నారే, ఆ విశ్రాంతి అంతకుముందు ఎవరి దగ్గర ఉంది?

ఆయన లెక్కలే ఆయనకి అప్పజెబుతాను. బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచీ నాకు నిద్ర లేదు. అత్తగారిని అశ్వారావుపేటలో ఆడపడుచు ఇంట్లో దించాలి. ఆవిడకి కందిపొడి ఇంట్లో కొట్టిందే కావాలి, కారప్పొడి వేరే. మందులు ఏ పూటకాపూట పొట్లాలు కట్టి పైన పేర్లు రాయాలి. గేదెకి పాలేరుని కుదర్చాలి. ఆయన మెడకి కట్టుకునే ఉన్ని గుడ్డ దగ్గర్నుంచి మనవడి జలుబు మందు దాకా పెట్టెలో సర్దాలి. జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి వెళ్లి రైలెక్కేదాకా దారిలో తినడానికి పులిహోర కట్టాలి. తిరిగొచ్చాక ఉప్పుగాలికి జిడ్డోడిన అయిదుగురి బట్టలు రెండు రోజులు ఉతికాను. మూడు రోజుల సెలవుకి ముందూ వెనకా పన్నెండు రోజుల చాకిరీ. ఇదెక్కడి వడ్డీ, మాస్టారూ?

అలాగని ఓడలో సుఖపడలేదని అబద్ధమాడను. విశాఖలో 1948 మార్చిలో నెహ్రూ గారు ‘జలఉష’ ఓడని సముద్రంలోకి దించారని చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాను. ఇప్పుడక్కడ 2023 సెప్టెంబరులో విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా తెరిచారు. ఆ రేవు నుంచి ఓడ కదులుతుంటే, డాల్ఫిన్స్ నోస్ కొండ మెల్లిగా వెనక్కి పోతుంటే, నాకు కళ్లు చెమర్చాయి. రాత్రి పై అంతస్తుకెళ్లి కమ్మీ పట్టుకుని నుంచున్నాను. నాలుగు వైపులా ఏమీ లేదు. చీకట్లో మా పామాయిల్ తోట కూడా గాలికి అలాగే హోరుమంటుంది. కానీ తోటలో ఆ హోరు వింటే పొద్దున్నే గెలలు కోసేవాళ్లు వస్తారు, వాళ్లకి టిఫినెంత కలపాలి అని గుర్తొస్తుంది. ఇక్కడ ఏదీ గుర్తు రాలేదు. ఎంతసేపు నుంచున్నానో తెలియదు.

మర్నాడు అలవాటు ప్రకారం అయిదింటికే మెలకువొచ్చింది. ఫలహారం దగ్గర కాఫీ తెచ్చిన కుర్రాడు నన్నే చూస్తూ, చక్కెర ఎంత వెయ్యమంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మావారు “రెండు చెంచాలు” అన్నారు. నేను చక్కెర మానేసి ఆరేళ్లయింది. ఇందులో ఆయన తప్పేం లేదు, నా కాఫీ ఆయన ఎప్పుడూ కలపలేదు గదా! తెలిసే అవకాశమేదీ?

ఆ మధ్యాహ్నం నాకు ఇంకో వింత కనిపించింది. అయిదుగురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. కూర్చున్నాక చాలాసేపటికి గాని ఏం జరిగిందో నాకు తట్టలేదు. నేనూ కోడలూ మొదటి బంతిలో కూర్చున్నాం! పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో మగవాళ్లూ పిల్లలూ చుట్టాలూ తిన్నాకే నాకు రెండో బంతి. అప్పటికి అన్నం చల్లారిపోతుంది, పప్పు అడుగంటుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. అప్పడం కరకరలాడుతుందని నాకు తెలుసు గాని, అది ఎప్పుడో విన్న సంగతిలాంటిది. కోడలు హైదరాబాదులో నాతో సమానంగా చదువుకున్న నా కొడుక్కి సమానంగా ఉద్యోగం చేస్తుంది. దమ్మపేట వస్తే తనకీ రెండో బంతే. నేనే కూర్చోబెట్టాను అలాగ. ఇది ఒప్పుకోవాలి.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ ఓడలో మా గది తుడిచింది మగవాడు. పరుపు మీద దుప్పటి ఒక్క ముడత లేకుండా పరిచి, తువ్వాలుని ఏనుగులా మడతపెట్టి వెళ్లాడు. మా మనవడు ఆ ఏనుగుని విప్పనివ్వక తడితలతోనే పడుకున్నాడు. మాకు వడ్డించింది మగవాళ్లు, ఎంగిలి పళ్లేలు తీసింది మగవాళ్లు. మగవాళ్లకి ఈ పనులు చేతకావనే మాట ముప్ఫయ్యారేళ్లుగా నమ్మి బతికిన నాకు, ఇంతమంది చేతనైనవాళ్లు ఒకేచోట కనిపించేసరికి మతి పోయింది. గది తుడిచే కుర్రాణ్ణి వచ్చీరాని హిందీలో అడిగాను, “ఇంటి దగ్గర కూడా ఇవన్నీ చేస్తావా నాయనా?” అని. నవ్వి, “ఇంట్లో అమ్మ చేస్తుంది” అన్నాడు.

నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి మా ముడతలు సరిచేస్తున్న ఆ పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. వాడి అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఏ ఓడెక్కాలి?

ఆ మధ్య పేపర్లో చదివిన లెక్క ఒకటి మావారి చేతే చేయించాను. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు దేశమంతా ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్క తీశారు. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారట. అదీ, చేసే మగవాళ్లు నూటికి పాతికమంది! 299ని 365తో హెచ్చవేసి పగలూ రాత్రీ కలిపి రోజులు కట్టమన్నాను. ఏడాదికి దాదాపు 76 రోజులొచ్చాయి. ముప్ఫయ్యారేళ్లకి కట్టమన్నాను. మాస్టారు కలం ఆపి, కళ్లద్దాలు సర్దుకుని, “ఏడున్నరేళ్లు” అన్నారు. ఏలినాటి శని కూడా ఏడున్నరేళ్లేనండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

విశ్రాంతి అనేది సముద్రం మీద మాత్రమే పండే పంటా? విహార నౌకల పుట్టుక చదివితే నవ్వొస్తుంది. 1891 చలికాలంలో జర్మనీలో ఆల్బర్ట్ బాలిన్ అనే ఓడల పెద్దమనిషి, ప్రయాణికులు పల్చబడి ఓడ ఊరికే పడి ఉండటం చూడలేక, దాన్ని మధ్యధరా సముద్రంలో విహారానికి తిప్పాడు. పెద్ద ఓడల మీద సరదా యాత్రలకి దారి వేసింది అదేనంటారు. ఓడనే ఖాళీగా కూర్చోనివ్వని లోకం, ఇల్లాలిని కూర్చోనిస్తుందా!

కానీ ఓడెక్కకుండానే సెలవు తీసుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. ఐస్‌లాండ్ అని ఉత్తరాన ఒక చిన్న దీవి దేశం. చుట్టూ సముద్రమే. 1975 అక్టోబరు 24న ఆ దేశపు ఆడవాళ్లలో నూటికి తొంభై మంది ఆఫీసు పనీ, వంటపనీ, పిల్లల పనీ మానేసి వీధుల్లోకి వచ్చారు. దాన్ని సమ్మె అనలేదు, సెలవన్నారు. ఆ రోజు తండ్రులు పిల్లల్ని ఆఫీసులకి వెంటబెట్టుకెళ్లారట. ఒక్క రోజు సెలవుతో ఆ దేశానికి తెలిసొచ్చింది, ఇంటిపని దానంతటదే జరగదని. మనం అంతమంది కూడి వీధిన పడలేం, నాకు తెలుసు. దమ్మపేట సెంటర్లో నలుగురాడవాళ్లం నిలబడితే ఎవరింట్లో చావు జరిగిందని అడుగుతారు.

అందుకని నేను ఇంట్లోనే మొదలుపెట్టాను. మా ఇంట్లో డైనింగ్ టేబులు ఉంది, పదేళ్లుగా దాని మీద ఇస్త్రీ బట్టలున్నాయి. అవి తీసేశాను. గిన్నెలన్నీ దాని మీద పెట్టి, “ఓడలో కూర్చున్నట్టే అందరం కూర్చుందాం, ఎవరిక్కావలసింది వాళ్లు వడ్డించుకుందాం” అన్నాను. మావారు, “అక్కడ వడ్డించడానికి మనుషులున్నారు గదే!” అన్నారు. “ఇక్కడా ఉన్నారు, మీకు రెండు చేతులున్నాయి” అన్నాను. పెళ్లయ్యాక ఇంత మాట అనడం ఇదే మొదలు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. మరిది వచ్చి, ఓడెక్కాక వదినకి తల తిరిగిందన్నాడు.

ఒక రోజు తోటలో రాలిన పామాయిల్ కాయలు ఏరే కోయ ఆవిడ డబ్బులకొచ్చింది. “ఓడలో ఏం పని చేశారమ్మా?” అంది. “ఏ పనీ చెయ్యలేదే” అన్నాను. “ఏ పనీ లేందానికి అంత దూరం పోవాల్నా?” అంది ఆశ్చర్యంగా. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడకి మూడు రోజులు పని లేకపోతే అది సెలవు కాదు, పస్తు. నా పోరాటం ఆవిడ ముందు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. చిన్నదైనంత మాత్రాన వదిలేస్తానా? వదిలెయ్యను. ఆ రోజు ఆవిణ్ణి వసారాలో కూర్చోబెట్టి వేడి అన్నం పెట్టి, నేనూ పక్కనే కంచం పెట్టుకున్నాను.

మా అత్తగారిని ఆడపడుచు ఇంటి నుంచి తీసుకొచ్చిన రోజు రాత్రి, మంచం పక్కన కూర్చుని కాళ్లు పడుతుంటే మెల్లిగా అడిగారు. “అక్కడ వేడివేడిగా తిన్నావటే?” తిన్నానత్తయ్యా అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. అరవై ఏళ్లకి పైగా ఈ ఇంట్లో ఆవిడది మూడో బంతి. ఓడ గురించి నన్ను అడగాల్సిన మాట అడిగింది ఆవిడొక్కరే.

మర్నాటి నుంచి ఆవిడే వచ్చి టేబులు దగ్గర మొదటి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. తల్లి కూర్చున్నాక కొడుకు ఏమంటాడు? గిన్నె అందుకున్నారు. ఆదివారం ఒక్క పూట వంట ఆయనదని కూడా ఆవిడ మంచం మీంచే తీర్పు చెప్పారు. పోయిన ఆదివారం మావారు వంటింట్లోంచి ఉప్పు డబ్బా ఎక్కడుందని మూడుసార్లు కేకేశారు. నేను వసారాలో పేపరు చదువుకుంటూ, “కుడివైపు రెండో అర” అని మూడుసార్లూ చెప్పాను. లేవలేదు.